నాగమణి బయోడేటాలో నేను రాసిన వాక్యం

ఖాజా మామా,

సలాం. నువ్వు వెళ్ళిపోయి ఏడు నెలలైంది. ఎలా ఉన్నావని అడిగితే నవ్వుతావేమో... అయినా అడుగుతున్నా. ఎలా ఉన్నావు?

నేను నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నా. మధ్యాహ్నం రెండు దాటింది. కాలేజీ గేటు ముందు ఎండ తప్ప ఎవరూ లేరు. జిరాక్సు మిషను వేడెక్కి చిన్నగా మూలుగుతోంది. అద్దం కింద ఆ పచ్చటి వెలుగు అటు నుంచి ఇటు నడిచి మళ్ళీ వెనక్కి వెళుతుంటే, చూస్తూ చూస్తూ కళ్ళు మూతలు పడుతున్నాయి. నువ్వు రోజూ ఈ వేళకి కునుకు తీసేవాడివి కదా... ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది.

నిద్రపోకూడదు మామా. ఫోను కోసం చూస్తున్నా. నా క్లాసుమేటు నాగమణి గుంటూరులో ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఒకసారి ఆమెకు రావలసిన ఉద్యోగం నా చేతులారా పోగొట్టాను. ఈసారైనా వస్తుందా? ఆ సంగతంతా నీకు చెప్పుకోవాలి. ఇంకెవరికి చెప్పుకోను?

నువ్వు పోయాక షాపు నలభై రోజులు మూసే ఉంది. తరవాత ముంతాజ్ అత్త తలుపులు తీసింది. జిరాక్సు తీయడం వచ్చు గానీ తెలుగు టైపింగు ఆమెకు రాదు. క్లాసులయ్యాక నేను వచ్చి కూర్చుంటున్నా. రెండేళ్ళు నా కరపత్రాలన్నీ టైపు చేసిచ్చావు. ఆ మాత్రం నేను చేయలేనా?

బస్టాండు బల్లల మీద దొరికిన కరపత్రాలు చదివి లోకం తెలుసుకున్నవాణ్ణి నేను. క్రోసూరు నుంచి నరసరావుపేట వచ్చి డిగ్రీలో చేరిన మొదటి నెలలోనే నీ దగ్గరికి కాగితాల కట్టతో వచ్చాను. గుర్తుందా? మన లైబ్రరీకి మధ్యాహ్నం తాళం వేస్తున్నారని ప్లేస్‌మెంట్ సారు మీద రాశాను. లైబ్రరీ కూడా అప్పుడు ఆయన చేతిలోనే ఉండేది. నువ్వు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి మొత్తం చదివావు.

"ఒరేయ్ శీనూ, సారు మీద పదకొండు తిట్లున్నయి, లెక్కపెట్టా. లైబ్రరీ ఎన్ని గంటలదాకా తెరవాలో మాత్రం ఏడా లేదే! తిట్టు సరే... అడిగేది ఏందిరా?"

నాకు ఒళ్ళు మండింది. కాగితాలు లాక్కుని బయటికి పోయాను. గేటుదాకా వెళ్ళి, వెనక్కి వచ్చాను. 'సాయంత్రం ఐదింటిదాకా' అని ఒక్క ముక్క చేర్చావు, తిట్లు తొమ్మిది తీసేశావు. "రెండు ఉంచాలే, నీ సరదాకి" అన్నావు. నెల తిరక్కుండా లైబ్రరీ ఐదింటిదాకా తెరిచారు. పేరు నాకొచ్చింది. కాలేజీ అంతా నన్ను నాయకుడన్నారు. నేనూ నమ్మేశాను.

నువ్వు లేకుండా హాస్టలు నీళ్ళ గురించి ఒకటి రాశాను మామా. చానా బాగా రాశాననుకున్నా. నాలుగు పేజీలు. గేటు దగ్గర పల్లీలమ్మే అవ్వ వాటితో పొట్లాలు కట్టింది. ఆమె మాత్రం కాగితం దళసరిగా ఉందని మెచ్చుకుంది.

సరే, అసలు సంగతికి వస్తా.

రెండు నెలల కింద కాలేజీలో ఉద్యోగాల మేళా పెట్టారు. ఫైనలియరు వాళ్ళందరూ బయోడేటాల కోసం షాపు మీద పడ్డారు. నీ కంప్యూటరులో ఆ పాత ఫైలు ఉంది కదా... అందరికీ ఒకటే కెరీర్ ఆబ్జెక్టివ్. సవాళ్ళున్న సంస్థలో చేరి, నా నైపుణ్యంతో సంస్థ ఎదుగుదలకు తోడ్పడతానని ఇంగ్లీషులో. మాచర్ల పిల్లాడికీ అదే, పిడుగురాళ్ల అమ్మాయికీ అదే. ఇన్నేళ్ళలో ఎంతమంది ఆశలు ఆ ఒక్క వాక్యంలో దూరి బయటికి వెళ్ళాయో!

దాని మీద నీతో ఎన్నిసార్లు పోట్లాడాను. నువ్వు మాత్రం, "అది గుమ్మానికి కట్టే తోరణంరా. తోరణం లేదని ఎవుడూ ఎనక్కి పోడు. నీ సంగతి చెప్పు, నువ్వేం అవుతావు?" అనేవాడివి. నాయకుణ్ణి అవుతానంటే, "అంటే పొద్దున్నే లేచి ఏం చేస్తావురా?" అని అడిగేవాడివి. దానికి నాకు కోపం వచ్చేది.

ఇప్పుడు కుర్చీ నాది. ఆ వాక్యం కొట్టను, ఎవరికి వాళ్ళు నిజంగా ఏం కావాలో చెప్పండి అన్నాను. క్లాసువాళ్ళు నవ్వారు. నీ ఉపన్యాసం తరవాత వింటాంలే, ముందు పాతదే కొట్టు అన్నారు. కొందరు సందు చివర షాపుకి పోయారు. అత్త గొణిగింది గానీ ఆపలేదు. నాగమణి ఒక్కతే నిలబడింది.

ఆమెది గురజాల అవతల ఊరు. వాళ్ళమ్మ మిరపకోతకు పోతుంది. క్లాసులో మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు మాత్రం మూడు ముక్కలు చెప్పింది. నీడపట్టున పని కావాలి. నెలనెలా జీతం రావాలి. అమ్మను ఇక ఎండలోకి పంపకూడదు. ఇంగ్లీషులో నువ్వే బాగా రాయి శ్రీనూ అని, బస్సు కోసం పరుగెత్తింది.

నేనేం రాశానో తెలుసా మామా?

శ్రమదోపిడీ లేని సమాజం కోసం ఈ వ్యవస్థను కూకటివేళ్ళతో పెకిలించుట... అని. నిఘంటువు చూసి మరీ ఇంగ్లీషులోకి మార్చాను. వేడివేడిగా కాగితం బయటికి వస్తుంటే ఒళ్ళు పులకరించింది. ఒక మిరపకోత కూలి కూతురి గొంతు లోకానికి వినిపిస్తున్నాననుకున్నా. అందులో ఆమె చెప్పిన మూడు ముక్కల్లో ఒక్కటైనా ఉందా? నాకు ఆ అనుమానమే రాలేదు!

మర్నాడు ఉదయం ఆమె నేరుగా ఇంటర్వ్యూకి వెళ్ళింది. దారిలో నా దగ్గర కాగితం తీసుకుంది గానీ చదువుకునే తీరిక లేదు. కంపెనీవాళ్ళు ఆ వాక్యం పైకి చదివి, మా ఆఫీసులో యూనియన్ పెడతావా అమ్మా అని అడిగారట. ఆమెకు అర్థం కాలేదు. వాళ్ళు నవ్వారట. ఆ కంగారులో ఆమె తెలిసినవాటికి కూడా జవాబు చెప్పలేకపోయింది. తోరణంతోనే వెళ్ళినవాళ్ళు పదకొండుమంది సెలెక్టయ్యారు.

సాయంత్రం షాపుకి వచ్చింది. కాగితం నా ముందు పెట్టింది. నీ మాటలు తప్ప ఈ ఉత్తరంలో ఇంకెవరివీ రాయకూడదనుకున్నా గానీ, ఇది రాయకపోతే నాకు శాంతి లేదు.

"నేనేం అడిగా, నువ్వేం రాశావ్? నీకు లోకం మార్చాలనుంటే నీ కాయితంలో రాసుకో. నాది నాకు ఉంచొద్దా? ఎప్పుడైనా మిరపకోతకి పోయావా నువ్వు? మా అమ్మ అరిచేతులు చూశావా?"

అంతే. బస్సుకి వెళ్ళిపోయింది. జీవితంలో మొదటిసారి నాకు కోపం రాలేదు మామా. కోపం వచ్చినా బాగుండేది.

మూడు రోజులు కాలేజీకి వెళ్ళలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఇక్కడే కునుకు పట్టింది. కలలో మన కాలేజీ గ్రౌండు. దాని నిండా గాలిలో తేలుతున్న తెల్లకాగితాలు... దూదిలాగా. నడిమధ్యన నువ్వు కుర్చీ వేసుకుని కూర్చున్నావు. జనం ఒక్కొక్కరే వచ్చి నీ చెవిలో ఏదో చెబుతున్నారు. నీ చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. రాయవేంది మామా అని అరుస్తున్నా. నువ్వు నా వైపు చూసి, ఆగమన్నట్టు వేలు చూపించావు. మిరపకారం వాసన వేసింది. మెలకువ వచ్చేసరికి అత్త కౌంటరు మీద అన్నం క్యారేజీ విప్పుతోంది.

అన్నం తినకుండానే ప్లేస్‌మెంట్ సారు గదికి వెళ్ళాను. ఆయనే... పదకొండు తిట్ల ఆయన. అరగంట బల్ల మీద కూర్చోబెట్టాడు. నా నోట్లో ఎన్నో మాటలు తయారుగా ఉన్నాయి. కార్పొరేట్లూ, వ్యవస్థా, కుట్రా... అన్నీ మింగేశాను. ఆ వాక్యం నాగమణిది కాదు సార్, నేను రాశాను, తప్పు నాది, ఆమెకు ఇంకో అవకాశం ఇప్పించండి అన్నాను. ఒక్కటే అడిగాను మామా. పేజీలు పేజీలు రాసినవాణ్ణి, ఆ నాలుగు ముక్కలకి చెమటలు పట్టాయి.

కరపత్రం వేయకుండా అడగడం నీకూ వచ్చన్నమాట, అన్నాడు సారు. ఆ మాట పడ్డాను. తరవాత నా ఎదురుగానే ఫోను చేశాడు. గుంటూరు ఆఫీసులో మరో విడత జరిగేటప్పుడు పిలుస్తామన్నారు. ఆ విడతే ఇవాళ.

మొన్న నాగమణి మళ్ళీ వచ్చింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రతి వాక్యం తెలుగులో అర్థం చెప్పించుకున్నాకే టైపు చేయనిచ్చింది. ఒకచోట 'నిరుపేద' అని రాయబోతే తీసెయ్యమంది. మా అమ్మ పని చేసుకుని బతుకుతోంది, ఆ మాట ఎందుకు అంది. తీసేశాను. చివరికి ఆబ్జెక్టివ్ కింద ఆమె చెప్పిన మూడు ముక్కలే మిగిలాయి. నా చేతికి ఎంత చిన్నగా అనిపించాయో! ఆమె మాత్రం రెండుసార్లు చదువుకుని జాగ్రత్తగా మడత పెట్టుకుంది. తోడు వస్తానంటే వద్దంది. నువ్వొస్తే అక్కడా ఏదో ఒకటి మాట్లాడతావు అంది. నిజమే కదా...

నా సంగతా? లా ఎంట్రన్స్‌కి దరఖాస్తు పెట్టాను. నువ్వు పిటిషన్లు టైపు చేసేటప్పుడు కోర్టు పనికి వచ్చినవాళ్ళు ఈ బల్ల మీద గంటలకొద్దీ కూర్చునేవాళ్ళు. ఒక్కోసారి కళ్ళు మూసుకుంటే అదే బల్ల, అదే ఎండ, నల్లకోటులో నేను... ఎవరో చెబుతుంటారు, నేను వింటుంటాను. పొద్దున్నే లేచి ఏం చేస్తానో ఇప్పుడు కొద్దిగా కనబడుతోంది. ఇది కలేనా? నువ్వుంటే ఏమనేవాడివి?

ఆగు మామా, ఫోను...

నాగమణే. తీసుకున్నదీ లేనిదీ పది రోజుల్లో చెబుతారట. కాగితం చూసి, ఇంతేనా అమ్మా, జీవితంలో ఇంకేం అనుకోలేదా అని అడిగారట. ఇంతే సార్ అన్నదట. ఎవరూ నవ్వలేదట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు స్థిరంగా ఉంది. వెనకాల బస్టాండు గోల. బస్సు వచ్చిందని పెట్టేసింది.

ఈ పది రోజులు ఎలా గడుస్తాయో తెలీదు. ఉద్యోగం రాకపోతే మళ్ళీ సారు గుమ్మం ఎక్కుతాను, ఇంకోచోట అడుగుతాను. ఇకమీదట మాత్రం ఎవరి ఆశకూ నా మాటలు తొడగను మామా. నీ కుర్చీలో కూర్చుని చెబుతున్నా.

షాపు ముందు ఎవరో సైకిలు ఆపారు. ఏం కావాలో కనుక్కుంటా.

నీ
శ్రీను