సంతలో మర్యాద

నర్సీపట్నం

చి. ప్రసూనకు అత్త ఆశీస్సులు.

లండన్‌లో సంస్కృతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నదానివి, మన సంతలో బేరాలు రికార్డు చేసి పంపమన్నావు. నెలాఖరుకి అధ్యాయం ఇవ్వకపోతే మీ మేడమ్ ఊరుకోదనీ అన్నావు. సరేనని అనాసపళ్ల బుల్లమ్మ ముందు ఫోను పెట్టాను.

"ఫారినోల్లు ఇంటారేటి? నీకు నచ్చినంత ఇయ్యమ్మా," అంటూ పళ్లు సంచిలో వేసేసింది. నేనూ మర్యాదకు పోయి, నువ్వెంతంటే అంతే అన్నాను.

ఫోను ఆపానో లేదో, సంచి లాక్కుని మామూలు ధరకి రెట్టింపు చెప్పింది. "ఆ మాట ఫారినోల్లకి సెప్పినాను, నీక్కాదు!"

అరగంట పోట్లాడుకున్నాం. అంత కమ్మటి బేరం నా జన్మలో ఆడలేదు.

పోనీ, గుర్తున్నంత రాసి పంపుదామని కూర్చున్నాను. ఆడపిల్లకు రాయదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు. పళ్లు మాత్రం తియ్యగా ఉన్నాయని మీ మేడమ్‌కి చెప్పు.

మీ అత్త