చెవులున్న రేడియో

ఉదయగిరి తాలూకా, మన ఊరు
1956 మే నెల, సోమవారం

చిరంజీవి మేనల్లుడు చంద్రశేఖరానికి మామ మాల్యాద్రి దీవించి రాసేది. ఇక్కడ మీ అత్త పిచ్చమ్మ, మనవరాలు పెంచలమ్మ, ఎద్దులు, నేను అందరం కులాసా. ఆత్మకూరులో నువ్వూ, నీ సంసారమూ, నీ హైస్కూలు పిల్లకాయలూ కులాసా అనే తలుస్తాను.

మన పంచాయతీకి సర్కారు వారు రేడియో ఇచ్చినారు. జీపులో తెచ్చి, ఒక మనిషి అరపూట కూర్చుని బిగించి పోయినాడు. బడి అరుగు మీద పెట్టమని కొందరు గొణిగినారు గానీ, ప్రెసిడెంటును నేనుండగా బడి ఎందుకు? మన ఇంటి నడవలోనే పెట్టించినాను. పెట్టె తాళం చెవి నా మొలతాడుకు ఉంది. సాయంత్రం నేను తీస్తే మోగుతుంది, మూస్తే గమ్మున ఉంటుంది.

అసలు సంగతి చెబుతాను, ఎవరితోనూ అనొద్దు. ఈ పెట్టెకు చెవులున్నాయి. మొన్న అందులో ఎవరో పెద్దమనిషి, దుత్తలూరు రైతు ఒకాయన వేరుశనగ తెగులు గురించి అడిగినాడని చెప్పి, దానికి మందు కూడా చెప్పినాడు. దుత్తలూరులో అడిగిన మాట అంత దూరాన ఉన్న మనిషికి ఎట్లా తెలిసింది? ఆ ఊరికి కూడా ఇట్లాంటి పెట్టే ఇచ్చినారు. ఇంక అడిగేదేముంది. నెల్లూరు కచేరీలో టెలిఫోను చూసినాను కదా, మాట్లాడేదీ వినేదీ ఒకటే పెట్టె.

ఇప్పుడు నా భయం ఏమిటంటే, అంతకు ముందు రోజే దాని ఎదురుగా కూర్చుని వానలు లేవని, విత్తనాలు రాలేదని సర్కారును నోటికొచ్చినట్టు తిట్టినాను. అప్పటినుంచి దాని మీద దుప్పటి కప్పి ఉంచినాను. ఏం చేయాలో వెంటనే రాయి.

పెంచలమ్మను మీ హైస్కూలుకు పంపమని పోయినసారి రాసినావు. ఊళ్ళో బడి చదువు పూర్తయింది, ఉత్తరం రాసేంత వచ్చింది. ఆడపిల్లకు అది చాలు. పైగా లోకంలో సంగతులన్నీ రేడియో ఇంటికొచ్చి చెబుతుంటే ఇంక హైస్కూలెందుకు?

ఇట్లు, నీ మేలు కోరే మామ
మాల్యాద్రి

తా.క.: దుప్పటి పలచనిది. కంబళి కప్పమంటావా?

*

ఆత్మకూరు
మే నెల, శుక్రవారం

మామకు చంద్రశేఖర్ నమస్కారాలు. మీ ఉత్తరం చదువుతూ నేను నవ్వుతుంటే ఏమిటని ఇంట్లోవాళ్ళు అడిగారు. ఎవరితోనూ అనొద్దన్నారు గనక వాళ్ళకు మాత్రమే చెప్పాను.

మామా, రేడియోకు నోరే గానీ చెవులు లేవు. దుత్తలూరు రైతు పోస్టుకార్డు రాసి ఉంటాడు, వాళ్ళు చదివి జవాబు చెప్పారు. అంతే. దుప్పటి తీసేయండి, పెట్టె ఉక్కపోతకు చెడిపోతుంది. అది ఊరి సొత్తు. దాన్ని బడి అరుగు మీద పెట్టి తాళం చెవి పంతులుకివ్వండి. ఎప్పుడు వినాలో, ఏం వినాలో ఒక్కరి మొలతాడు నిర్ణయించడం బాగుండదు. పంచాయతీ మీటింగూ అంతే. మీరు తలుపులు వేసుకుని తీర్మానాలు చేస్తారు, బయట జనానికి కాఫీ వాసన తప్ప ఏమీ తెలియదు. ప్రజల రాజ్యం వచ్చిందంటే ప్రజలకు కనపడేట్టు నడవాలి కదా.

పెంచలమ్మకు చదువు మీద ఎంత ఆశో మీకు తెలియదు. మా ఇంట్లోనే ఉంటుంది, ఖర్చు నాది. జూన్ నెలాఖరు దాటితే బళ్ళో చేర్చుకోరు. ఏడాది పోతే మళ్ళీ మీరు పంపరని నాకు తెలుసు. దయచేసి ఆలోచించండి.

మీ అల్లుడు
చంద్రశేఖర్

తా.క.: మీ తిట్లు గనక విని ఉంటే, ఆదివారంలోగా మీకు జవాబు చెప్పేస్తారులెండి!

*

మన ఊరు
జూన్ నెల, మంగళవారం

చిరంజీవి శేఖరానికి మామ దీవెనలు. అందరం క్షేమమే గానీ నాకు మాత్రం నిద్ర లేదు.

నీ తెలివికి నేను సంతోషించినాను. సర్కారు మేష్టరువి గనక ఉన్నమాట పైన రాయలేవు. అందుకని పైన చెవులు లేవని రాసి, అసలు మాట అడుగున తా.క.లో పెట్టినావు. నేను గ్రహించినాను. నువ్వు రాసినట్టే ఆదివారం జవాబు వచ్చింది. 'వానలు ఆలస్యమైనా రైతు సోదరులు ఓపిక పట్టాలి, తొందరపడి విత్తనాలు చల్లవద్దు' అని నా మొహం మీదే చెప్పినాడు. నేను తిట్టినదానికి తిట్టకుండా సోదరులు అన్నాడు చూడు, ఎంత మర్యాదస్తుడో.

ఈ సంగతి మీ అత్తకు ఒక్కదానికే చెప్పినాను. సాయంత్రానికి ఊరందరికీ తెలిసింది. ఆ రోజునుంచి మన వాకిట్లో జనం. సర్కారుతో మొరపెట్టుకోవాలి, తాళం తీయమంటారు. ఒక్కొక్కరే లోపలికి పోయి రేడియో ముందు చేతులు కట్టుకుని చెబుతారు. నేను ఎదురుగా ఉంటే నోరు పెగలదంటారు. పోనీలే అని పెరటి తలుపు వెనక నిలబడి విన్నాను.

ఒరే శేఖరా, అందరి ఫిర్యాదూ నా మీదే! రోశమ్మ పోయి, మంచినీళ్ళ బావి గిలక విరిగి ఎంతో కాలమైంది, ప్రెసిడెంటు ఇంట్లో వేరే బావి ఉంది గనక ఆయనకు పట్టదని చెప్పింది. గరిటెలు చెక్కే హుసేనయ్య పోయి, కొండకు పోయే దారిలో కంప తీయించమని ఎన్నిసార్లు అడిగినా చూద్దాం అంటాడని చెప్పినాడు. మీటింగులో ఏం జరుగుతుందో మాకు ఒక్క ముక్క తెలియదని కామమ్మ చెప్పింది. కాఫీ వాసన సంగతి కూడా చెప్పింది. ఇవన్నీ విన్నాక సర్కారు వారు మొదట పట్టుకునేది నన్నే గదా. అందుకని గిలక వేయించినాను. కంప తీయించినాను. మొన్న మీటింగు తలుపులు తెరిచే పెట్టినాము, జనం వచ్చి మా కాఫీ కూడా తాగినారు.

ఈ గొడవలో పెంచలమ్మ చదువు సంగతి ఆలోచించే తీరికేదీ? తర్వాత చూద్దాం.

ఇట్లు
మాల్యాద్రి

తా.క.: మీ అత్త కూడా రేడియోతో మాట్లాడాలని పోయింది. ఆమెకు ఫిర్యాదేముంటుందిలే అని నేను పొలానికి పోయినాను. తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా లోపలే ఉంది.

*

ఆత్మకూరు
జూన్ నెల, గురువారం

మామకు నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ఈసారి నవ్వు రాలేదు. తప్పు నాదే. తా.క.లో రాసింది ఉత్త తమాషా. వానల మాట వాళ్ళు జిల్లా అంతటికీ చెబుతారు, మీ ఒక్కరికే కాదు.

గిలక వేయించారు, కంప తీయించారు, సంతోషమే. కానీ భయపడి చేసిన మంచి ఎన్నాళ్ళు నిలుస్తుంది? పాపం ఊరి జనం ఆ చెక్కపెట్టెకు దండాలు పెడుతూ కష్టాలు చెప్పుకుంటున్నారు. వాళ్ళను అలా మోసపోనివ్వడం ప్రెసిడెంటుకు తగదు. ఊరందరినీ పిలిచి నిజం చెప్పండి. మీరు చెప్పకపోతే వచ్చే ఆదివారం నేనే వచ్చి చెబుతాను.

'తర్వాత చూద్దాం' అని హుసేనయ్యకు చెప్పిన మాటే పెంచలమ్మకూ చెబుతున్నారు. నెలాఖరు దగ్గరపడింది. ఇంతకంటే ఏం రాయను.

మీ అల్లుడు
చంద్రశేఖర్

తా.క. ఈసారి రాయడం లేదు. రాస్తే మీరు అదే నమ్ముతారు.

*

ఉదయగిరి బస్టాండు
జూన్ నెల, శనివారం

చిరంజీవి శేఖరానికి మామ దీవెనలు. ఇక్కడ బల్ల మీద కూర్చుని, బస్సు వచ్చేలోగా రాస్తున్నాను. కోడిగీతలు సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరం వచ్చే ముందే నాకు నిజం తెలిసింది. రేడియోకు బ్యాటరీ మార్చే మనిషి వచ్చినాడు. పక్కకు పిలిచి, దీనికి వినపడుతుందా నాయనా అని అడిగినాను. వాడు నవ్వలేక కూలబడినాడు. నాకు సిగ్గేసింది. ఊరికి చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ చెబితే మళ్ళీ ఎవరూ నోరు తెరవరు, గిలక విరిగినా నాకు తెలియదు. అమాయకులు, పెట్టెకే చెప్పుకోనీలే, నేను వింటున్నాను గదా అని ఊరుకున్నాను. ఊరంతటిలో నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని కాస్త గొప్పగా కూడా ఉండింది.

నిన్న సాయంత్రం పెంచలమ్మ వచ్చి తాళం తీయమంది. తీసి, మామూలుగా తలుపు వెనకకు పోయినాను. అది రేడియోకు దండం పెట్టలేదు. నిటారుగా నిలబడి చెప్పింది.

"మా తాత మంచోడే. ఈ మధ్య అందరి మాటా వింటా ఉండాడు. నా మాట ఒక్కటే వినలేదు. నాకు ఆత్మకూరు బడికి పోవాలని ఉండాది. రేడియోలో వాళ్ళు చెప్పేది నాకు సగం అర్థం కాలేదు. తాతకు కూడా కాలేదు, పైకి తల ఊపతాడు. నేను చదువుకొనొస్తే ఇద్దరికీ అర్థమవతాది."

దానికి ఇన్నాళ్ళూ ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పే సందు నేను ఇవ్వలేదురా. కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి, ట్రంకు సర్దుకోమన్నాను. అది ఎగిరి గంతులేస్తుందనుకున్నాను. అప్పుడే సర్దిపెట్టుకుని ఉంది.

పొద్దున బండిలో వస్తూ, పిల్ల దగ్గర దాపరికమెందుకని అసలు సంగతి చెప్పినాను, రేడియోకు చెవులు లేవని. అది నా వైపు జాలిగా చూసింది.

"అది అందరికీ తెలుసు తాతా. పెట్టె బిగించినాయన ఆ పొద్దే చెప్పినాడు. నువ్వు తాళం చెవి చూసుకుంటా ఉండావు."

"మరి అందరూ వచ్చి దానికెందుకు చెప్పుకున్నారే?"

"దానికెవురు చెప్పినారు? పెరటి తలుపు కింద నీ చెప్పులు కనపడతా ఉండె గదా."

ఊరంతా కలిసి నన్ను ఇన్నాళ్ళు తలుపు వెనక నిలబెట్టినారు శేఖరా. కోపం తెచ్చుకుందామని చూసినాను, రాలేదు. నువ్వు వచ్చి నిజం చెప్పాల్సిన పని లేదు, తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. తాళం చెవి బడి పంతులుకు ఇచ్చి వచ్చినాను. రేపటినుంచి రేడియోకూ పంచాయతీకీ బడి అరుగే. అక్కడ తలుపులు లేవు.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. తెచ్చిన మనిషి నువ్వు చదివేదాకా ట్రంకు పట్టుకుని మీ వాకిట్లోనే నిలబడి ఉంటుంది. లోపలికి పిలువు.

ఇట్లు, నీ మామ
మాల్యాద్రి

తా.క.: పిల్ల వెంట మీ అత్త వస్తున్నది, నాలుగు రోజులు అక్కడే ఉంటుంది. ఆ రోజు తలుపు కింద నా చెప్పులు లేవు గదా, మరి అంతసేపు రేడియోతో ఏం చెప్పినావని ఇప్పుడే అడిగినాను. బస్సొచ్చింది లెమ్మంటున్నది. నువ్వు నెమ్మదిగా అడిగి, ఏం చెప్పినా దాచకుండా రాయి. పైన కాదు, తా.క.లో రాయి. నేను అదే నమ్ముతాను.