ఎవరి తాపీ వాళ్ళే తెచ్చుకోవాలి

అమ్మకు,

నీ చిట్టి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. నువ్వూ నాన్నా బాగున్నారనీ, నాన్న మోకాలు ఈమధ్య కాస్త మాట వింటోందనీ అనుకుంటున్నాను.

నీకు ఇది చదివి వినిపిస్తున్న మందుల షాపు బాబాయికి కూడా నమస్కారం. బాబాయ్, పోయిన ఉత్తరంలో నాకు జ్వరం వచ్చిందని రాసిన చోటు మీరు దాటేశారట. అమ్మ ఫోన్లో నా దగ్గు విని కనిపెట్టేసింది. మీ ఉద్దేశం మంచిదే గానీ ఈసారి ఒక్క ముక్క కూడా వదలకండి. చివర ఒకచోట వదిలేయాలనిపిస్తుంది. అసలు సంగతి అదే.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరాలు రాస్తావేమిటని నాతో గదిలో ఉండే నర్సు ఎప్పుడూ అడుగుతుంది. ఫోన్లో చెప్పింది మా అమ్మకు గాలికి పోయినట్టుంటుంది, కాగితమైతే మళ్ళీ మళ్ళీ చదివించుకుంటుంది అన్నాను. "పాపం, ఆ చదివే ఆయనెవరో" అంది.

అన్నం వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. గదిలో కారే కుళాయి ఏమైందని అడిగావు. ఇంటి యజమాని పదిసార్లు "రేపు" అన్నాక నర్సే ఆసుపత్రి నుంచి రబ్బరు వాషరు తెచ్చి బిగించింది. ఇక నిద్ర పడుతోంది. ఆరునెలల గడువు అయిపోయింది కదా, ఉంచుకుంటారా పంపేస్తారా అని కూడా అడిగావు. అది ఒక్క మాటలో చెప్పేస్తే నా కడుపు నిండదు. పునాది నుంచి చెబుతాను.

పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని చేసే పనేమిటని నువ్వు అడిగినప్పుడల్లా నేను చెప్పడం, నువ్వు "సరేలే" అనడం జరుగుతోంది. నీకు అర్థం కాలేదని నాకు తెలుసు. ఈసారి నీ పోయిన ఉత్తరమే నాకు దారి చూపించింది. మీ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్ల గురించి రాయించావు చూడు, తాపీ లేకుండా వచ్చి రోజూ నీ తాపీతోనే పని గడుపుకునే పిల్ల. నాన్న మోకాలు చూపించడానికి నువ్వు ఒకపూట మానేస్తే, ఆ పిల్ల గోడ వంక చూస్తూ నిలబడిపోయిందనీ, గమేళాలో కలిపి ఉంచిన సిమెంటు మాలు గట్టిపడిపోయిందనీ, మేస్త్రి నిన్నే తిట్టాడనీ వాపోయావు. ఆ పిల్లను మనసులో పెట్టుకుని విను.

మేం ఒక యంత్రానికి మెదడు తయారుచేస్తాం. ఏ యంత్రమో ఇప్పుడే చెప్పను. చెబితే మిగతాది వినవు. ఆ యంత్రం ఏం చేయాలో సి అనే కంప్యూటరు భాషలో రాస్తాం. అంతా ఒకేచోట కాదు, వేరువేరు ఫైళ్ళలో. ఒకటి మోటారు సంగతి చూస్తుంది, ఒకటి మీటల సంగతి, ఒకటి దీపాల సంగతి. ప్రతి ఫైలుకూ తోడుగా హెడర్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. నా దగ్గర ఫలానా పనులు దొరుకుతాయి, ఫలానా కొలతల్లో దొరుకుతాయి అని మిగతావాళ్ళకు చెప్పేది అదే. ఎవరి సాయం కావాలంటే వాళ్ళ హెడర్ పేరు నీ ఫైలు నెత్తిన రాసుకోవాలి. కంపైలర్ అనే ప్రోగ్రాం పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. పైన ఎవరూ చెప్పని మాట కింద తగిలితే "ఇదేమిటో నాకు తెలియదు" అని మొరాయిస్తుంది.

అయితే హెడర్లలో కూడా మీ కొత్తపిల్ల లాంటివి ఉంటాయి. తనకు కావలసింది తాను తెచ్చుకోదు. తనకంటే ముందు పిలిచిన హెడర్ ఎలాగూ తెస్తుంది కదా అని చేతులూపుకుంటూ వస్తుంది. వరస మారనంత కాలం పని జరిగిపోతూనే ఉంటుంది. మారిన రోజున మాలు గట్టిపడుతుంది.

మా ఆఫీసులో పాత అలవాటు ఏమిటంటే, అన్ని హెడర్లనూ ఒకే పెద్ద హెడర్లో కుక్కేసి, ప్రతి ఫైల్లోనూ ముందు దాన్నే పిలవడం. దానికి అందరూ పెట్టిన పేరు గోనెసంచి. ఆ సంచి కుట్టింది మా అందరికంటే సీనియర్. ఆయన్ను వెనకాల సెమికోలన్ గారు అంటాం. సెమికోలన్ అంటే మేం రాసే ప్రతి వాక్యం చివరా పెట్టాల్సిన గుర్తు. ఎవరి కుర్చీ వెనక నిలబడినా "అక్కడ సెమికోలన్ లేదు" అని తప్ప ఇంకో మాట అనరు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ యంత్రమంతా ఆయన చేతుల మీదుగా పెరిగింది, అంతే.

నాకు ఇచ్చింది దీపాల ఫైలు. అందరిలోకీ చిన్నది. అందులో నేను గోనెసంచిని పిలవలేదు. మొదటి వరసలో నా ఫైలు సొంత హెడర్ పెట్టాను. దాని కింద ఒక ఖాళీ వదిలి భాషతోపాటు వచ్చే హెడర్లు, మళ్ళీ ఖాళీ వదిలి మా ఆఫీసువాళ్ళ హెడర్లు, అక్షర క్రమంలో. సొంతదాన్ని ముందు పెడితే దానికి ముందు ఎవరూ ఉండరు. తాపీ తెచ్చుకుందో లేదో గుమ్మంలోనే తేలిపోతుంది. ఇది నేను కనిపెట్టింది కాదమ్మా, చాలాచోట్ల పాటించే పద్ధతే. చదువుకునేటప్పుడు నేర్చుకున్నాను. ఇక్కడ ఎవరూ పాటించడం లేదు, అంతే.

సెమికోలన్ గారు నా కుర్చీ వెనక ఆగి చూశారు.

"ఏంటమ్మా కొత్తమ్మాయ్, బళ్ళో ప్రార్థనకు నిలబెట్టినట్టు వరసలు కట్టావ్?"

"సొంత హెడర్ ముందుంటే అది ఎవరి మీదా ఆధారపడకుండా ఉంటుంది సార్."

"ఇన్నేళ్ళుగా ఆధారపడే నడుస్తోంది. అందానికి తీరిక దొరికినప్పుడు చూద్దాంలే. అవునూ, ఆ పదో లైన్లో సెమికోలన్ లేదు."

నిజంగానే లేదు.

అంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. మా యంత్రంలో వాడే చిప్పును తయారీవాళ్ళు ఆపేశారు. కొత్త చిప్పు మీదికి మారాలి, మొదటి యంత్రం ఆ శుక్రవారమే కొనుగోలుదారుకు వెళ్ళాలి. గోనెసంచి నిండా పాత చిప్పు సామానే కాబట్టి దాన్ని విప్పక తప్పలేదు. విప్పారు. ఇక చూడు, ప్రతి ఫైలూ తాపీ లేదని ఏడుపే. సెమికోలన్ గారూ మిగతావాళ్ళూ కూర్చుని హెడర్లను పేకముక్కల్లా కలపడం మొదలుపెట్టారు. దీన్ని పైకి జరిపితే మోటారు ఫైలు ఒప్పుకునేది, మీటల ఫైలు అలిగేది. దాన్ని బుజ్జగిస్తే ఇంకోటి.

మా మేనేజరు మేడం తెర మీద జాబితా చూస్తూ, "ఈ దీపాల ఫైలొక్కటే ఎందుకు నోరెత్తలేదు? ఎవరిది?" అంది.

"నాదేనండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

ఎందుకో వివరించమంది. వివరించాను. అన్ని ఫైళ్ళూ అలా మార్చడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. గురువారానికి ఇస్తానన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని ఇప్పటికీ అనుమానమే. సెమికోలన్ గారు తన పద్ధతిలో తాను చేసేలా, నేను నా పద్ధతిలో చేసేలా ఒప్పందమైంది. "నీ గడువు కూడా ఈ వారంతోనే అయిపోతుంది కదా" అంది మేడం, బెదిరించినట్టు కాదు, గుర్తుచేసినట్టు. నాకైతే రెండూ ఒకటే అనిపించాయి.

మొదటి రోజు ప్రతి ఫైల్లోనూ సొంత హెడర్ను మొదటి వరసలోకి తెచ్చాను. తప్పులు తగ్గలేదు, రెట్టింపయ్యాయి. సెమికోలన్ గారు టీ కప్పు పట్టుకుని వచ్చి చూసి, "ఒకరికున్న జలుబు వీధంతా అంటించావే" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. కానీ అమ్మా, నాకు ఒకటి కనిపిస్తోంది. వాళ్ళ తప్పులు ఇక్కడ నొక్కితే అక్కడ తేలుతున్నాయి. నావి ఎక్కడివక్కడే ఉంటున్నాయి. ఒకసారి దిద్దితే మళ్ళీ లేవడం లేదు. ఒక్కో హెడర్నూ తెరిచి, నీకేం కావాలో నువ్వే పిలుచుకో అని నేర్పుకుంటూ పోయాను. గురువారం మధ్యాహ్నానికి కంపైలర్ ఒక్క మాట అనకుండా ఊరుకుంది. అదే సమయానికి సెమికోలన్ గారిది కూడా ఊరుకుంది.

పరీక్ష గదిలో మా యంత్రానికి మనిషంత ఎత్తు నమూనా ఒకటి ఉంది. ముందు సెమికోలన్ గారిది ఎక్కించారు. కింది మీటలు నొక్కి చూశారు, చక్కగా నడిచింది. తర్వాత నాది ఎక్కించారు. మేడం అన్నిటికంటే పై మీట నొక్కింది. దీపం వెలిగింది. యంత్రం సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ సగంలోనే.

"వరసలతో ఆడుకుంటే ఇంతేనమ్మా" అన్నారు సెమికోలన్ గారు. ఎగతాళిగా కాదు, జాలిగా. అదే ఎక్కువ బాధగా అనిపించింది. మేడం ఆయనదే పంపిద్దామన్నట్టు తల ఊపింది.

"సాయంత్రం దాకా టైమివ్వండి మేడం" అన్నాను.

యంత్రం పైకి ఎక్కడి దాకా వెళ్ళాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. నేను మోటారు హెడర్ తెరిచాను. అందులో ఇలా ఉంది: ఈ అంకె ముందే ఎవరైనా చెప్పి ఉంటే సరే, లేకపోతే ఎనిమిది. మీటల హెడర్ తెరిచాను. ముందే ఎవరైనా చెప్పి ఉంటే సరే, లేకపోతే పదహారు. ఒకే పేరు, రెండు అంకెలు. ముందు వచ్చినవాళ్ళ మాటే చెల్లుబాటు. గోనెసంచిలో మీటల హెడర్ పైన ఉండేది కాబట్టి ఇన్నాళ్ళూ అంతటా పదహారే నడిచింది. నేను ఏ ఫైల్లో దాని హెడర్నే ముందు పెట్టేసరికి మీటలు పదహారంటున్నాయి, మోటారు ఎనిమిదంటోంది. ఒకే గోడకు ఇద్దరు మేస్త్రీలు రెండు ఎత్తులు చెప్పినట్టు. లోపం నేను పెట్టింది కాదు. నా వరస దాన్ని బయటికి లాగింది.

అలాంటప్పుడు పేకముక్కల్లా కలిపినదాంట్లో మటుకు అది లేకుండా ఎలా ఉంటుంది? సెమికోలన్ గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, మీదాంట్లో కూడా అన్నిటికంటే పై మీట ఒకసారి నొక్కుదామా?"

"ఎందుకూ, నడిచింది కదా?"

"కింది మీటలే నొక్కాం సార్."

ఆయన లేచారు. తనది మళ్ళీ ఎక్కించి పై మీట నొక్కారు. యంత్రం కదలలేదు సరికదా, దీపం కూడా వెలగలేదు. ఆయన కలిపిన వరసలో మోటారు హెడర్ పైకి చేరి, మీటల ఫైలుకు ఎనిమిది దొరికింది. పైన ఇంకా మీటలున్నాయని దానికి తెలియదు. మర్నాడు కొనుగోలుదారుకు వెళ్ళాల్సింది అదే.

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ఈ రెండూ నేనే రాశానమ్మా. ఏదో హడావుడిలో రాసుంటాను" అన్నారు. ఇద్దరం కలిసి ఆ అంకెను ఒక చిన్న హెడర్లో ఒక్కచోటే పెట్టి, 'లేకపోతే' అన్న మాటే తీసేసి, కావలసిన హెడర్లన్నీ దాన్ని పిలుచుకునేలా చేశాం. ఈసారి పై మీట ఆయనే నొక్కారు. దీపం వెలిగింది. యంత్రం సగం దాటింది, ఆపైన దాటింది, చిట్టచివరి దాకా వెళ్ళి సుతారంగా ఆగింది. పరీక్ష గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఒక్కో మీటా మళ్ళీ కింది నుంచి నొక్కి చూస్తున్నాను.

శుక్రవారం వెళ్ళిన యంత్రంలో ఉన్నది నా వరసేనమ్మా.

సోమవారం మేడం పిలిచింది. ఉంచుకుంటున్నారు. గడువూ గిడువూ లేదు, పూర్తి ఉద్యోగం. ఆఫీసులో కోడు ఎలా రాయాలో నియమాలు రాసుకునే చోట మొట్టమొదటి నియమం ఇప్పుడు ఇది: ప్రతి ఫైల్లోనూ దాని సొంత హెడరే ముందు. అది పెట్టాలని మీటింగులో అడిగింది సెమికోలన్ గారే. వాక్యం నన్నే రాయమన్నారు. రాశాను. ఆయన చదివి, "చివర చుక్క లేదు" అన్నారు. గది ఎగిరిపోయేలా నవ్వాం. ఇప్పుడు నన్నెవరూ కొత్తమ్మాయ్ అనడం లేదు.

బాబాయ్, ఇక్కడి నుంచి కాస్త నెమ్మదిగా చదవండి.

అమ్మా, ఆ యంత్రం లిఫ్టు. మీటలు, దీపాలు, పైకీ కిందికీ అన్నప్పుడే బాబాయికి అర్థమై, ముసిముసిగా నవ్వుతూ ఉంటారు. చేరిన రోజే నీకు చెప్పాల్సింది. పని జరిగేచోట సామాన్ల లిఫ్టులో సిమెంటు బస్తాలతోపాటు నువ్వు ఇరుక్కుపోయి, కరెంటాయన వచ్చేదాకా చీకట్లో బస్తా మీద కూర్చున్నావని నాకు తెలుసు. ఆ తర్వాత కంటి డాక్టరు ఐదో అంతస్తులో ఉన్నా మెట్లెక్కే వెళ్ళావు. "ఆ ఇనప డబ్బాలో నన్ను పెట్టకండి" అంటావు. నీ కూతురు ఆ ఇనప డబ్బాకే బుద్ధి చెబుతోందని చెబితే దిగులు పడతావని, యంత్రం యంత్రం అంటూ గడిపేశాను. ఎక్కడో మధ్యలో ఒక మనిషి చీకట్లో ఆగిపోవడం అంటే ఏమిటో మా ఆఫీసులో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. యంత్రం సగంలో ఆగినప్పుడు నాకు ఉద్యోగం కంటే ముందు ఆ సిమెంటు బస్తానే గుర్తొచ్చింది.

నాన్న మోకాలు సహకరిస్తే వచ్చే నెల మీరిద్దరూ రండి. శుక్రవారం పంపిన లిఫ్టు మా ఆఫీసు వెనక వీధిలోనే, కొత్తగా కట్టిన మేడలో బిగించారు. గోడలు చూస్తావు, పూత ఎలా ఉందో చెబుతావు, వంకలు పెట్టకుండా ఉండలేవు. ఆ తర్వాత మీట నేను నొక్కుతాను, అన్నిటికంటే పైది. తలుపు తెరుచుకున్నాక నాన్న కాదు, నేను కాదు, ముందు నువ్వే లోపల అడుగు పెట్టాలి. మా ఆఫీసులో నియమం అదే కదా, సొంతవాళ్ళే మొదటి వరస.

ఇట్లు,
నిన్ను పై అంతస్తులో దింపే పూచీ తనదే అంటున్న
నీ కూతురు చిట్టి