అమ్మ కొంగున తాళంచెవి

డిండోలి, సూరత్
8 జులై 2021

వినోదక్కకు,

హరిణి నమస్కారాలు. ఇక్కడ ఎవరికీ జ్వరం లేదు. అక్కడ ఊళ్లో మీ అత్తమ్మకు దగ్గు తగ్గిందనే అనుకుంటున్నాను.

ఇక్కడ మనింట్లోనే ఉంటున్న మీ ఆయన, బావ, అన్నానికి కూర్చోగానే నేను లేచిపోతున్నానని, చదువు తలకెక్కిందని అమ్మ నీకు ఫోన్‌లో చెప్పింది. నువ్వూ నమ్మావు. గా పిల్ల మగోళ్లంటే లెక్క లేకుంట తయారైందన్నావు. స్పీకర్ పెట్టి ఉందక్కా, బియ్యం ఏరుతూ విన్నాను. అందుకే ఈ ఉత్తరం. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నా పనేంటో మన ఇంట్లో ఎవరికీ తెలియదు. సర్వర్‌కి ప్యాచ్ వేస్తున్నానంటే, చీరలకు ప్యాచ్ కుడుతున్నానని అమ్మ గల్లీ అంతా చెప్పింది. పక్కింటి కొమురవ్వ చిరిగిన జాకెట్ పట్టుకొచ్చింది కూడా. నేను చూసేది రింగ్ రోడ్‌లో మా సేఠ్ చీరల దుకాణం సర్వర్. అది లినక్స్ మీద నడుస్తుంది, కొత్త చీరల డిజైన్లన్నీ అందులోనే ఉంటాయి. లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్ల నుంచి పని చెయ్యాలంటే దాన్ని బయటికి తెరవక తప్పలేదు. జాగ్రత్తగానే తెరిచాను. పాత లోపాలకు ప్యాచ్‌లు వేశాను, అక్కరలేని దారులు మూశాను, పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం ఆపేశాను. తాళంచెవి ఉన్నవాళ్లే రావాలి. తాళంచెవి అంటే ఇనుప ముక్క కాదు, లాప్‌టాప్‌లో దాచిన చిన్న ఫైలు. దాని మీద మళ్లీ ఒక రహస్యపు మాట పెట్టాలి. ప్రతిసారీ కొట్టడం విసుగని నాదానికి పెట్టలేదు.

మేలో మా దుకాణం డిజైన్లు ఎదురు మార్కెట్‌లో చీరలై వేలాడాయి. సేఠ్ అడిగితే, బయటి నుంచి ఈగ కూడా రాలేదని గొప్పగా చెప్పాను. ఐతే అందర్ కా ఆద్మీ హై, లోపలి మనిషి పనే అన్నాడు. ఆ రోజుల్లో దుకాణానికి వచ్చి పని చేసింది ఓంప్రకాష్ అన్న ఒక్కడే. అతన్ని తీసేశారు.

ఇప్పుడు మన గల్లీలోనే కూరగాయల బండి తోస్తున్నాడు. చెల్లె, టమాటలు మంచిగున్నయ్, జర తీస్కపో అంటాడు. కొసరు కూడా వేస్తాడు. ఆ టమాటలు కోస్తుంటే నా చేతులవైపు చూడలేకపోతున్నాను.

పోయిన వారం, సర్వర్‌లోకి ఎవరెప్పుడు వచ్చారో వెనక్కి వెళ్లి చూశాను. చూడాల్సింది సేఠ్ అడిగిన రోజే. నా పని మీద నాకున్న పొగరు చూడనివ్వలేదు. డిజైన్లు తీసింది నా తాళంచెవితోనే అక్కా, మన ఇంట్లోంచే. నేను కరోనాతో లోపలి గదిలో పడి ఉన్న రోజు.

ఆ తాళంచెవి రద్దు చేశాను. కొత్తదానికి రహస్యపు మాట పెట్టాను. సోమవారం సేఠ్ దగ్గరికి వెళ్లి, తప్పు ఓంప్రకాష్ అన్నది కాదని చెబుతాను.

నీ చెల్లెలు
హరిణి

తా.క. లాప్‌టాప్ ఎవరికిచ్చావని అమ్మను అడిగాను. తాళంచెవి ఎవ్వలకియ్యొద్దంటివి గదనే, ఇగో నా కొంగుకే ఉన్నదని బీరువా తాళాలు చూపించింది. లాప్‌టాప్ మాత్రం బావకిచ్చిందట. లాక్‌డౌన్‌లో ఊరికి పోవడానికి ఆన్‌లైన్‌లో పాస్ తీసుకుంటానన్నాడట, ఇంటల్లుడు అడిగితే ఎట్ల లేదంటమే అంది. బావ డిజైన్లు వేసేది ఆ ఎదురు మార్కెట్‌లోనే కదా. నిలదీస్తే కంచంలోంచి తలెత్తకుండా, ఇంట్లది ఇంట్లనే ఉండనియ్ పిల్లా, మీ అక్క బతుకు చూస్కో అన్నాడు. ఆయన కూర్చుంటే నేను లేచేది అందుకే.

సోమవారం ఆయన పేరు కూడా చెబుతాను.