రోజుకి కొంచెం చొప్పున

వసంతా,

వాటర్లూలో ఇంకా మంచు కరగలేదు. నువ్వు ఇన్నేళ్లూ ఉద్యోగం చేసిన హాస్పిటల్‌కే ఇప్పుడు నేను రోజూ పేషెంటుగా వెళ్తున్నాను. నువ్వు పోయిన ఏడాదికి నాకు గొంతు క్యాన్సర్ బయటపడింది. ఎవరికి ఎంత రేడియేషన్ ఇవ్వాలో నువ్వు లెక్కకట్టేదానివి. ఆ డోసు ఒంట్లో ఏం చేస్తుందో నాకిప్పుడు తెలుస్తోంది. మెడ మీద చర్మం కమిలిపోయింది. నోట్లో తడి లేదు, పెరుగన్నానికీ రుచి లేదు. చొక్కా బొత్తాలు పెట్టుకునేసరికే అలసట వచ్చేస్తోంది.

ఇవాళ మెషీన్ గదిలోకి రానని బయటే కూర్చుండిపోయాను.

"డాడ్, ప్లీజ్," అంది మన అమ్మాయి.

"చాలమ్మా, ఇక నావల్ల కాదు," అన్నాను.

అంతలో నీ దగ్గర పని నేర్చుకున్న లావణ్య వచ్చి పక్కన కూర్చుంది.

"అంకుల్, డోసంతా ఒకేసారి ఇస్తే మనిషి తట్టుకోలేడు. రోజుకి కొంచెం ఇస్తే మంచి కణాలు మర్నాటికి చాలావరకు రిపేర్ అవుతాయి, క్యాన్సర్‌వి అంతగా కావు. మధ్యలో ఆపేస్తే అవి మళ్లీ పెరగడానికి టైమ్ ఇచ్చినట్టే. ఆంటీయే నాకిది నేర్పారు. ఎవరైనా విసిగిపోయి వెళ్లిపోతానంటే ఇలాగే పక్కన కూర్చుని చెప్పేవారు."

నువ్వలా కూర్చునేదానివని నాకు తెలియదు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"మీ ఆంటీ ఇంకేం చెప్పేది?" అని అడిగాను.

"ముందు లోపలికి రండి అంకుల్. మిగతావి రేపు చెప్తా."

లోపలికెళ్లి మెషీన్ కింద పడుకున్నాను. ఒంట్లో ఓపిక లేదు గానీ, రేపు కూడా వెళ్తాను. నీ కబుర్లు ఇంకా ఉన్నాయట.