మా పాత బ్యాటరీ ఎవరి కారులోకి?

2021 మే, బుధవారం రాత్రి

మా హైబ్రిడ్ కారు బ్యాటరీ ఇక పనికిరాదని తేలింది. నా భార్య శారదకు కోవిడ్ వార్డులో రాత్రి డ్యూటీలు. కర్ఫ్యూ వేళ కారు దారిలో ఆగిపోతే ఆటో కూడా దొరకదు.

ఈ పరాయి ఊళ్లో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్‌లో మెకానిక్ రాజేశం షెడ్డుకు వెళ్లాను. బాగుచేసిన బ్యాటరీ ఒకటి ఉందని, రేపే బిగిస్తానని అన్నాడు.

"కొత్తదానికి గన్ని పైసలెందుకు సార్? గిది గూడ గట్లనే నడుస్తది."

"లోపలి సెల్స్ ఎక్కడివి?"

"మీ అసోంటోళ్ల బండ్లయే."

"మరి మా పాతదాన్ని ఏం చేస్తావు?"

"ఖరాబైన సెల్స్ మార్చి ఇంకొకరికి ఏస్త."

"మిగతావి అరిగినవేనని వాళ్లకు చెప్తావా?"

"అడిగితే చెప్త సార్. మీ లెక్క ఎవరడుగుతరు?" అని నవ్వాడు.

ఇప్పుడు కారు అత్యవసరమైనవాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లే. వాళ్లకు అడిగే తీరిక ఉండదు. అది తెలిసీ చెప్పకుండా అమ్మడం మోసం. దానికి మెత్తని మాట వెతకను.

సాయంత్రం షోరూంకు ఫోన్ చేసి కొత్తది తెప్పించమన్నాను. వచ్చేదాకా శారదను బైకు మీద నేనే దింపాలి. పాతది మాత్రం తప్పనిసరిగా వాళ్లకే అప్పగించాలట. తర్వాత అది ఎక్కడికి వెళ్తుందని అడిగాను.

అవతలి మనిషి హిందీలో తాపీగా చెప్పాడు: "ఎవరో టెంపో తెచ్చి పట్టుకెళ్తారు సార్. ఏం చేస్తారో మేం అడగం."