పంకజకు మూడు రోజులు

చింతామణి, మంగళవారం

చి. భీమసేనకు అమ్మ ఆశీర్వాదాలు, వాటి వెంటే ఒక పని.

నీ భార్య ముట్టయి బయట కూర్చుందని బట్లహళ్ళిలో మీ మేనత్తకు ఫోన్ చేసి చెప్పాను. అబద్ధమే. గురువారం వాళ్ళ గృహప్రవేశానికి వంటకు పంకజను పంపుతానని మాటిచ్చావు. శుక్రవారం దాని బీఎడ్ పరీక్ష సంగతి నీకు గుర్తులేదు.

పిల్లలిద్దరికీ ఇంట్లోనే పాఠాలు, నడుమ వంట, మిగిలితే తన చదువు. నిన్న పంకజ మన అనన్య కూడికల పుస్తకంలో తన పరీక్ష జవాబు రెండు పేజీలు రాసేసింది. చూసుకొని, "ఈసారికి పరీక్ష వద్దులే అత్తమ్మా, చేత కాకుండా ఉండాది" అనింది.

అందుకే పక్క గదిలో చాప వేసి, పుస్తకాలిచ్చి, ఎవరూ ముట్టుకోకూడదన్నాను. నలభై ఏళ్ళు నేను తిట్టుకున్న ఆచారం ఇప్పటికి ఒక పనికొచ్చింది. శుక్రవారం తలకు పోసుకొని పరీక్షకు పోతుంది.

పిల్లలకు పాఠాలు నేను చెప్తాను. వంటకు నువ్వు రేపే రా. నేను బయట కూర్చున్న రోజుల్లో మీ నాన్నే వండేవారు, కాబట్టి అదీ ఆచారమే.

ఈరోజు పంకజ ఒక్క పేజీ తిప్పలేదు. పొద్దున పడుకున్నది ఇంకా లేవలేదు. వచ్చేటప్పుడు తలుపు మెల్లగా తియ్యి.

అమ్మ